ఒక్క ఎకరం బోరు వరి 22 ఎకరాల వాన తాగేస్తోంది!

నమస్కారం అండీ. ఇంకుడు గుంతలతో మన భూగర్భజలాలు గట్టెక్కవని పోయిన వీడియోలో అన్నాను. కామెంట్లలో ఉతికేశారు. "జనం గుంతలు తవ్వుకుంటుంటే నువ్వెందుకు వెనక్కి లాగుతావ్" అని. సరే, ఈరోజు లెక్క మీ ముందే వేస్తా. తప్పుంటే పట్టుకోండి.

అనంతపురం తీసుకుందాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అడుగున చాలావరకు గ్రానైట్. ఇలాంటి నేలలో పడిన వానలో నూటికి 8 నుంచి 11 వంతులే కిందికి ఇంకుతుందని భూగర్భజలాల అంచనాకు కేంద్రం వాడే పద్ధతే చెబుతోంది. 10 అనుకుందాం. అంటే 55 మిల్లీమీటర్లు. మరి రబీలో బోరు కింద వరికి ఎంత కావాలి? దాదాపు 1,200 మిల్లీమీటర్లు. భాగించండి. 22 వస్తుంది.

ఒక్క ఎకరం వరి, 22 ఎకరాల్లో ఏడాదంతా ఇంకిన వాన! "మడిలో నీళ్ళు కొంత మళ్ళీ భూమిలోకే పోతాయి కదా" అంటారు. పోతాయి. సగం కొట్టేయండి. అయినా 11 ఎకరాలు. అందులో మీది ఒక ఎకరం. మిగతా పదీ ఎవరివి? పక్క రైతువి, వాళ్ళ పక్క రైతువి.

ఇప్పుడు గుంత దగ్గరికి రండి. మీ ఇంటి కప్పు 100 చదరపు మీటర్లు. ఏడాదిలో దాని మీద పడేది 55 వేల లీటర్లు. ఎకరం వరికి 48 లక్షల లీటర్ల పైమాటే. 88 ఇళ్ళ కప్పుల మీద పడ్డ వాన ఒక్క చుక్క పోకుండా ఇంకిస్తే, ఒక్క ఎకరం, ఒక్క పంట! గుంతలు తవ్వండి, అపార్ట్‌మెంట్ బోరుకు అవి చాలా మేలు చేస్తాయి. గుంత ముందు ఫోటో దిగేసి ఊరి నీటి సమస్య తీరిపోయిందంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంకోమాట. రాత్రిపూట బోరు బండి వేస్తుంటే చూశారా? తెల్లటి బండ పిండి పైకి ఎగజిమ్ముతుంటుంది. రైతు ఒక గుప్పెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూస్తాడు, తడి తగులుతుందేమోనని. 400 అడుగులు, పొడి. 600, పొడి. "ఇంకో వంద వెయ్యి అన్నా" అంటాడు. అప్పు తెచ్చిన డబ్బు అది! కొబ్బరికాయ నిలబడిందని అక్కడ పాయింట్ పెట్టినవాడు ఈపాటికి ఇంట్లో నిద్రపోతుంటాడు. మన బండలో నీళ్ళు ఎక్కువగా ఉండేది పైనున్న మెత్తబడ్డ పొరలోనే. అక్కడ కూడా వంద లీటర్ల రాతికి ఒకటిన్నర నుంచి మూడు లీటర్లే చేతికొస్తాయి. ఆ కిందంతా సన్నటి పగుళ్ళు. వెయ్యి అడుగుల దగ్గర ఒక పగులు తగిలినా అది నిండటానికి నీళ్ళు పైనుంచే దిగాలి కదా!

రైతును తిడుతున్నానని అనుకోకండి. వరి పండిస్తే కొనుగోలు కేంద్రం ఉంది. కొర్రలు పండిస్తే కొనేవాడి కోసం ఆయనే తిరగాలి. 2004 నుంచి వ్యవసాయ కరెంటు ఉచితం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలు. కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్లు ఉంటే మనిషి పడుకున్నా మోటారు ఆడుతూనే ఉంటుంది. చివరికి వాటిని తీసేయమని ప్రభుత్వమే ఊరూరా చెప్పాల్సి వచ్చింది. కరెంటు ఇస్తారు, వరే కొంటారు, బోరు ఎండితే గుంత తవ్వమంటారు. ఇదెక్కడి న్యాయం?

దారి మనవాళ్ళే చూపించారు. 2000ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏవో) సాయంతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో, ఆరొందలకు పైగా ఊళ్ళలో రైతులే తమ బోర్లలో నీటి మట్టం కొలిచారు, వాన కొలిచారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఇంకింది ఇంత, ఉన్న బోర్లు ఇన్ని, వరి వేస్తే ఎన్నాళ్ళు వస్తాయి అని గోడ మీద లెక్క రాసుకున్నారు. ఆ లెక్క చూసి చాలామంది వరి తగ్గించి వేరుశనగకో, పప్పులకో, కూరగాయలకో మారారు. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. నా దృష్టిలో ప్రతి ఊరికీ ముందు కావాల్సింది ఆ గోడ. గుంత తర్వాత.

మీ బోరు ఎన్ని అడుగులు, వానలు తగ్గాక అందులో నీళ్ళు ఎన్ని అడుగుల దగ్గర నిలిచాయి, ఈ రెండే కింద కామెంట్లో రాయండి. రెండో అంకె తెలియకపోతే "తెలియదు" అని రాయండి. ఎన్ని "తెలియదు"లు వచ్చాయో వచ్చే వీడియోలో చదివి వినిపిస్తా.