ముక్కు కొలిచి కులం తేల్చారు: రిజ్లీ లెక్క ఎక్కడ తప్పింది?

నమస్కారం. ముందు ఒక చిన్న పని చేయండి. రెండు కనుబొమల మధ్య వేలు పెట్టి మెల్లగా కిందికి జరపండి. నుదుటి ఎముక అయిపోయి ముక్కు ఎముక మొదలయ్యే చోట చిన్న పల్లం తగులుతుంది. ఆ పల్లం నుంచి, ముక్కు అడుగుభాగం పైపెదవి చర్మాన్ని కలిసే చోటు దాకా ఉన్నది ముక్కు ఎత్తు. రెండు ముక్కుపుటాల బయటి అంచుల మధ్య ఉన్నది వెడల్పు. వెడల్పుని ఎత్తుతో భాగించి 100తో గుణిస్తే వచ్చేదే నాసికా సూచిక. 70 లోపు వస్తే సన్నముక్కు, 70 నుంచి 85 దాకా మధ్యరకం, 85 దాటితే వెడల్పు ముక్కు.

ఈ అంకె పట్టుకుని మన దేశంలో ఏ కులం ఏ జాతో తేల్చబోయిన మనిషి హెర్బర్ట్ హోప్ రిజ్లీ. 1873లో బెంగాల్‌కి వచ్చిన బ్రిటిష్ ఐసీఎస్ అధికారి, 1901 జనాభా లెక్కల కమిషనర్. ముక్కు సగటు వెడల్పు ఎంత తగ్గితే ఆ కులం సమాజంలో అంత పై మెట్టున ఉంటుందని, తూర్పు భారతంలో కుల వ్యవస్థకి అదొక నియమమని రాశాడు. వృత్తుల నుంచి కులాలు పుట్టాయని నెస్‌ఫీల్డ్ లాంటి తోటి అధికారులు అప్పటికే వాదిస్తున్నారు. రిజ్లీ ఒప్పుకోలేదు. కులానికి మూలం రక్తమే అన్నాడు.

ఈ ఆలోచన అతనితో మొదలైంది కాదు. అమెరికాలో, ఫిలడెల్ఫియా డాక్టర్ శామ్యూల్ మోర్టన్ పుర్రెల్లో మొదట గింజలు, తర్వాత సీసపు గుళ్ళు పోసి, ఎన్ని పట్టాయో కొలిచి, 1839 నుంచి జాతులవారీ సగటులు అచ్చువేస్తూ వచ్చాడు. తెల్లవాళ్ళని పైన పెట్టాడు. తనకి తెలియకుండానే మోర్టన్ అంకెలు వంచాడని అమెరికన్ జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ 1978లో విమర్శించాడు. 2011లో కొందరు పరిశోధకులు ఆ పుర్రెల్లో చాలావాటిని మళ్ళీ కొలిస్తే, కొలతలు చాలావరకు సరిగ్గానే ఉన్నాయని తేలింది. అంతమాత్రాన మోర్టన్ పెట్టిన మెట్లు నిజమైపోవు. పుర్రె పరిమాణం ఒంటి పరిమాణాన్ని బట్టి, ఆడా మగా తేడాని బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుంది. పుర్రెలో ఎన్ని గుళ్ళు పట్టాయన్నది తెలివికి కొలత కానే కాదు. "అంకెలన్నీ దొంగలెక్కలు" అని కొట్టిపారేస్తే మనం తప్పు చోట వెతుకుతున్నట్టే. అంకె నిజమే అయినా, దానిమీద కట్టిన మాట అబద్ధం కావచ్చు.

ఇప్పుడు రిజ్లీ లెక్కని విప్పి చూద్దాం.

మొదటిది చేతి తప్పు. ముక్కు చిన్నది. 38 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు ఉంటే సూచిక 76. పైన చెప్పిన పల్లాన్ని వేలితో తడిమి గుర్తించాలి, చర్మం కింద అది కచ్చితంగా ఎక్కడుందో ఇద్దరు మనుషులు ఒకేలా చెప్పలేరు. 2 మిల్లీమీటర్లు కిందికి పెడితే ఎత్తు 48, సూచిక 79 దాటుతుంది. 2 మిల్లీమీటర్లు పైకి పెడితే 73కి దిగుతుంది. ముక్కుపుటాలు మెత్తన, కాలిపర్ (వెడల్పు కొలిచే పరికరం) కాస్త నొక్కితే వెడల్పు తగ్గిపోతుంది. అసలు మనిషి మారకుండానే ఆరు అంకెల తేడా! రిజ్లీ పైకీ కిందికీ సర్దిన చాలా కులాల సగటుల మధ్య అంత తేడా కూడా ఉండదు. పైగా ఈ కొలతలు తీసింది అతను కాదు, శిక్షణ ఇచ్చిన హాస్పిటల్ అసిస్టెంట్లు. ఒక్కొక్కరి చేయి ఒక్కో రకం.

రెండోది శాంపిల్. బంగాళాఖాతం నుంచి ఆఫ్ఘన్ సరిహద్దు దాకా 89 కులాలు, తెగలు. కొలిచింది దాదాపు 6,000 మందిని. భాగించి చూడండి, సగటున ఒక్కో సమూహానికి 67 మంది. లక్షల మంది ఉన్న కులానికి ఈ కొద్దిమంది ముక్కులే సాక్ష్యం. ఒకే కులంలో మనిషికీ మనిషికీ ఉండే తేడా, రెండు కులాల సగటుల మధ్య తేడా కంటే ఎక్కువ. సగటు మాత్రమే అచ్చువేస్తే ఆ సంగతి పాఠకుడికి కనిపించదు.

మూడోది నాకు అన్నిటికంటే పెద్ద తప్పుగా కనిపిస్తుంది. లెక్క కుదరని చోట సిద్ధాంతాన్ని వదులుకోవాలి కదా? రిజ్లీ కొత్త జాతిని పుట్టించాడు. దేశాన్ని ఏడు రకాలుగా విభజించి, ఆర్యులు, ద్రావిడులు అన్న రెండు పెట్టెల్లో పట్టనివాళ్ళకి ఆర్య-ద్రావిడ, మంగోల్-ద్రావిడ, శక-ద్రావిడ అని పేర్లు పెట్టాడు. మరాఠాలకి, మధ్య ఆసియా నుంచి వచ్చిన శకుల రక్తం అంటగట్టడానికి ఆధారం ప్రధానంగా తల వెడల్పు. ఏ కొలత వచ్చినా ఏదో ఒక మిశ్రమం పేరు దొరికే సిద్ధాంతాన్ని ఇక తప్పని నిరూపించే దారి ఉండదు.

ఇక్కడో సంగతి చెప్పాలి, దీన్ని ఎవరూ పెద్దగా ప్రస్తావించరు. బెంగాల్ పోలీసులు నేరస్తుల్ని గుర్తించడానికి అప్పట్లో ఒంటి కొలతలే వాడేవారు. పరికరాలు ఖరీదు, చెడిపోతాయి. కొలిచేవాడికి చాలా శిక్షణ కావాలి. ఒక్కో కొలత మూడేసి సార్లు తీయాలి. అయినా ఇద్దరు తీస్తే రెండు అంకెలు. అందుకే బెంగాల్ పోలీసు అధిపతి ఎడ్వర్డ్ హెన్రీ ఆధ్వర్యంలో, అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల శ్రమతో వేలిముద్రల పద్ధతి తయారైంది. 1897లో ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. ఒక్క దొంగని పట్టుకోవడానికి పనికిరావని పక్కన పెట్టిన కొలతల్నే, నాలుగేళ్ళ తర్వాత 1901లో మొదలైన దేశవ్యాప్త సర్వేలో జనం జాతులు తేల్చడానికి అదే ప్రభుత్వం వాడింది.

ఆ సర్వే మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలతో సహా, మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్స్‌టన్ చేతికొచ్చింది. కె. రంగాచారి సాయంతో 1909లో ఏడు సంపుటాలు తెచ్చాడు. తెలుగు కులాల ఆచారాల గురించి ఇప్పటికీ వాటినే ఉదహరిస్తుంటారు. ఆచారాల వివరాల కోసం చదవండి, పరవాలేదు. కానీ ముక్కు, తల కొలతల పట్టికలు కనిపిస్తే అవి ఏ సిద్ధాంతం కోసం తీసినవో గుర్తుంచుకోండి. వయనాడులో పణియ స్త్రీలు తనని చూసి పారిపోయారని థర్స్‌టనే రాశాడు. తమలో మంచివాళ్ళని ఏరి, చంపి, లోపల గడ్డి కూరి మ్యూజియంలో పెడతాడని వాళ్ళ భయం. వాళ్ళని ఎలాంటి చూపుతో చూశారో ఆ భయమే చెబుతుంది.

1901 జనాభా లెక్కల్లో కులాల్ని హోదా వరసలో పేర్చడంతో దేశమంతా కుల సంఘాలు అర్జీలు పట్టుకుని బయల్దేరాయి. 1911లో ఒక్క బెంగాల్‌లో వచ్చిన అర్జీల బరువు ఒకటిన్నర మణుగు. మన మణుగు కాదు, బెంగాల్ మణుగు, అంటే 56 కిలోల దాకా కాగితాలు.

జవాబులు మన దేశం నుంచే వచ్చాయి. 1932లో సామాజిక శాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే రిజ్లీ నియమం అన్ని ప్రాంతాల్లోనూ నిలబడదని చూపించాడు. 1948లో అంబేద్కర్ అవే కొలతల్ని తిప్పికొట్టాడు: పంజాబ్‌లో అంటరానివారిగా చూసిన చూహ్రాల నాసికా సూచిక, యునైటెడ్ ప్రావిన్సెస్ (ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) బ్రాహ్మణుల సూచికా ఒక్కటే. ఈ కొలతలు నమ్మదగినవే అయితే బ్రాహ్మణులు, అంటరానివారు ఒకే జాతి అని అవే చెబుతున్నాయి అన్నాడు. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1933లో రిజ్లీ బెంగాల్ కొలతల్ని సవరించి అచ్చువేశాడు. ఒక్క సూచిక మీద ఆధారపడకుండా చాలా కొలతల్ని కలిపి, సమూహం లోపలి తేడాని కూడా లెక్కలోకి తీసుకునే 'దూరం' సూత్రాన్ని 1936 నాటికి పూర్తిచేశాడు. ఇప్పుడు ప్రపంచమంతా వాడే మహలనోబిస్ దూరం అదే.

ముక్కు వెడల్పుకీ వాతావరణానికీ సంబంధం ఉందని 1923లోనే గమనించారు. చలి, పొడి గాలి ఉన్న చోట సన్నముక్కు లోపల గాలి వేడెక్కి తేమ పట్టడానికి వీలు ఎక్కువ. 2017లో వచ్చిన జన్యు అధ్యయనం కూడా ముక్కుపుటాల వెడల్పు విషయంలో ఇదే దిశలో ఉంది.

"మరి ఇప్పుడు డీఎన్ఏ పరీక్షల్లో కులాల మధ్య తేడా కనిపిస్తోంది కదా, రిజ్లీ చెప్పింది నిజమేనా?" అని అడిగేవాళ్ళున్నారు. కాదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2009, 2013 పరిశోధనల ప్రకారం మన దేశంలో దాదాపు అన్ని సమూహాలూ పాత మిశ్రమాలే. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ క్రితం మధ్య జరిగింది. ఆ తర్వాత కులం లోపలే పెళ్ళిళ్ళు గట్టిపడ్డాయి. ఇప్పుడు కనిపించే తేడాల్లో చాలా భాగం ఆ పెళ్ళి కట్టుబాటు మిగిల్చినవి. ఉదాహరణకి, ఆంధ్ర వైశ్యుల్లో ఒక ఎంజైమ్ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. అది ఉన్నవాళ్ళకి ఆపరేషన్ ముందు సక్సినైల్‌కొలిన్ అనే కండరాల్ని సడలించే మందు ఇస్తే, దాని ప్రభావం కొన్ని నిమిషాలకి బదులు గంటల కొద్దీ ఉండి, ఊపిరి యంత్రం మీద ఉంచాల్సి రావచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఇలా జరిగి ఉంటే, ఏ కులమైనా సరే, తర్వాతి ఆపరేషన్‌కి ముందే మత్తు డాక్టరుకి ఆ సంగతి చెప్పండి.