గ్యాస్ నొప్పా, గుండెపోటా? సోడా తాగించే ముందు ఇది చూడండి

నమస్తే అండీ. రాత్రి రెండింటికి ఇంట్లో పెద్దాయన ఛాతీ పట్టేసినట్టుందని లేచి కూర్చుంటారు, బనీను చెమటతో తడిసిపోయి ఉంటుంది. ఎవరో సోడా తాగిస్తారు, ఇంకొకరు వాము నమలమంటారు, ఒక తేన్పు రాగానే "హమ్మయ్య, గ్యాసే" అని మళ్లీ పడుకోబెడతారు. ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే.

(తెర మీద: గుండె, దాని మీది రక్తనాళాలు)

గుండె కండరానికి రక్తం అందించే నాళాల గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఆ పొర ఉన్నట్టుండి చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అంతకుముందు సగం కూడా పూడని నాళానికీ ఇలా జరగొచ్చు, అందుకే పోయిన నెల టెస్టులన్నీ నార్మల్ అనే ధీమా వద్దు. రక్తం అందని కండరం 20 నుంచి 40 నిమిషాల్లో చచ్చిపోవడం మొదలవుతుంది. చచ్చిన కండరం మళ్లీ పుట్టదు.

మరి గ్యాస్‌లా ఎందుకు అనిపిస్తుంది? గుండె అడుగు భాగం కడుపుకు సరిగ్గా పైనున్న డయాఫ్రమ్ (ఛాతీని, పొట్టను వేరు చేసే కండరపు పొర) మీద ఆనుకుని ఉంటుంది, అక్కడ దెబ్బ తగిలితే పొట్ట పైభాగంలో మంట, వికారం, వాంతులు రావచ్చు. తేన్పు వచ్చినంత మాత్రాన గడ్డ కరగదు కదా. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, పెద్దవయసు వాళ్లలో ఒక్కోసారి ఛాతీ నొప్పే ఉండదు; ఆయాసం, దవడ లాగడం, విపరీతమైన నీరసం, అంతే. మన అమ్మలు "ఏదో నీరసంలే" అని వంట చేసుకుంటూ ఉండిపోతారే, నాకు అసలు భయం అదే.

అనుమానం వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. బైక్ వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు, మెట్లు దిగి నడవనివ్వొద్దు. అలర్జీ, రక్తస్రావం సమస్య లేనివాళ్లయితే ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలించవచ్చా అని ఫోన్‌లోనే అడగండి. పక్కింటివాళ్లు ఇచ్చిన సార్బిట్రేట్ (గుండెనొప్పికి వాడే మాత్ర) మాత్రం నాలుక కింద పెట్టకండి, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు.

ఆసుపత్రికి వెళ్లిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి, తీయకపోతే మొహమాటపడకుండా అడగండి. మొదటిది నార్మల్ వచ్చినా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయించాలి, గుండె కండరం దెబ్బతిందో లేదో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష కూడా చేయించాలి. స్టెంట్ (మూసుకుపోయిన నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేసే ఆసుపత్రి దూరమైతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది, కానీ అది బాగా పనిచేసేది మొదటి గంటల్లోనే.

ఈలోగా మనిషి స్పృహ తప్పి ఊపిరి ఆగిపోతే, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కండి, అంబులెన్స్ వాళ్లు వచ్చి అందుకునేదాకా ఆపొద్దు.