పాము గూట్లో వేడి, తేమ: పుట్ట లోపలి వాతావరణం ఎలా తేవాలి?

[తెరపై: తెల్లటి పళ్లెంలో ముక్కలు ముక్కలుగా చిరిగిన కుబుసం]

నమస్కారం. ఈ పళ్లెంలో ఉన్నది మా చిన్ని విడిచిన కుబుసం. చిన్ని అంటే మా ఇంట్లో పెరుగుతున్న బాల్ పైథాన్, చిన్న జాతి కొండచిలువ. మేముండేది డాలస్‌లో. ఒక్కటిగా ఊడాల్సిన కుబుసం రెండేళ్ల క్రితం జనవరిలో ఇలా చిరిగి చిరిగి ఊడింది. తోక చివర కొంత అతుక్కుపోయింది, ఒక కంటి మీద పొర అలాగే ఉండిపోయింది. గాలిలో తేమ చాలకపోతే ఇలా అవుతుంది. కానీ ఆ రోజు చిన్ని ఉండే ట్యాంక్‌కి అతికించిన గుండ్రటి ముల్లు మీటర్ చూస్తే తేమ 60 శాతం! వేడి కూడా సరిగ్గానే ఉంది. మరి తప్పెక్కడ జరిగింది?

ముందు ఈ పాము ఎక్కడిదో చూద్దాం. బాల్ పైథాన్ సొంతూరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. ఘానా, టోగో, బెనిన్ లాంటి దేశాల్లో ఎక్కువ. అక్కడి గడ్డి మైదానాలు ఎండాకాలంలో మాడిపోతాయి కాబట్టి, దీనికి పొడి వేడి చాలని చాలామంది అనుకుంటారు. కానీ పగలంతా ఇది ఉండేది ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో. నాగుల చవితికి పుట్ట చుట్టూ తిరిగిన వాళ్లమే మనమంతా. పైన మట్టి ఎండి పగిలినా లోపల చల్లగా, చెమ్మగా ఉంటుంది. మనం ఇంట్లో కట్టాల్సింది ఆ పుట్ట లోపలి గాలిని.

[తెరపై: ట్యాంక్. కుడివైపు దీపం, ఎడమవైపు నీళ్ల గిన్నె]

పాము ఒంట్లో మనలా వేడి పుట్టదు. తిన్నది అరగాలన్నా బయటి వేడే కావాలి. చలిగా ఉంటే మింగిన ఎలుకను కక్కేస్తుంది, ఊపిరితిత్తులకు జబ్బు కూడా రావచ్చు. అందుకే ట్యాంక్‌లో ఒకవైపు వెచ్చగా, రెండోవైపు చల్లగా ఉంచాలి. వెచ్చటి చోట నేల 31 నుంచి 33 సెల్సియస్, అంటే 90 ఫారెన్‌హీట్ అటూ ఇటూ. చల్లటి వైపు 25 నుంచి 27. రాత్రి కాస్త తగ్గినా ఫర్వాలేదు, 24 కంటే కిందికి మాత్రం పోనివ్వకండి. దాక్కోవడానికి రెండు వైపులా ఒక్కో గూడు పెట్టండి. ఒక్కటే పెడితే భయపడి అందులోనే ఉండిపోతుంది, వేడి సరిపోయినా సరిపోకపోయినా.

ట్యాంక్ కింద పెట్టే హీట్ మ్యాట్ అయినా దీపం అయినా, వేడిని హద్దులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా ఒక్క గంట కూడా వాడొద్దు. ఇది నా ఖచ్చితమైన మాట. కడుపు కాలుతున్నా పాము లేచి పక్కకు జరుగుతుందన్న నమ్మకం లేదు. మ్యాట్ వాడితే థర్మోస్టాట్ ప్రోబ్‌ను, అంటే వేడిని కొలిచే దాని తీగ కొసను, మ్యాట్‌కీ ట్యాంక్ అడుగుకీ మధ్య, బయటివైపు కదలకుండా బిగించండి. ప్రోబ్ జారి పక్కన పడిందనుకోండి, థర్మోస్టాట్ ‘ఇంకా చల్లగానే ఉంది’ అనుకుని వేడి పెంచుతూ పోతుంది. ట్యాంక్ లోపల మాత్రం టేపు వాడొద్దు. పొలుసులకు అతుక్కుంటే తీయడం పాముకు నరకం. కరెంటుతో వేడెక్కే రాళ్ల జోలికి అసలు వెళ్లకండి.

ఇక తేమ సంగతి. బాల్ పైథాన్‌కి 60 నుంచి 80 శాతం కావాలి. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. 26 డిగ్రీల దగ్గర 70 శాతం తేమ ఉన్న గాలిని 32 డిగ్రీలకు వేడెక్కిస్తే, అందులో నీరు అంతే ఉన్నా మీటర్ 50 దగ్గరికి దిగిపోతుంది. వేడి గాలికి దాహం ఎక్కువ. మీరు దీపం పెంచిన ప్రతిసారీ తేమ తగ్గుతుంది. చలికాలం హీటర్ ఆడుతున్న ఇంట్లో అయితే గాలి మరీ పొడి. అందుకే అమెరికాలో ఉన్న మనవాళ్ల పాములకు జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే కుబుసం కష్టాలు.

[దగ్గరి దృశ్యం: జిప్ కవర్‌లో సీసా మూత, దాని పక్కన డిజిటల్ మీటర్]

ముందు మీ మీటర్ నిజం చెబుతోందో లేదో చూడండి. సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా నాలుగు చుక్కల నీళ్లు వేయండి. ఉప్పు కరిగిపోకూడదు. మూతను, మీటర్‌ను జిప్ కవర్‌లో పెట్టి, గాలి చొరకుండా మూసి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 చూపించాలి. మా ముల్లు మీటర్ 91 చూపించింది. అంటే నేను 60 అనుకున్న రోజున లోపల ఉన్నది 44 లాంటిది. పాపం, చిన్ని ఎన్ని వారాలు ఆ పొడి గాలిలో ఉందో.

స్ప్రే కొడితే మీటర్ టక్కున పైకెక్కుతుంది, గంటలో మళ్లీ దిగుతుంది. పైగా పైపొర ఎప్పుడూ తడిగా ఉంటే కడుపు పొలుసులు కుళ్లుతాయి. తేమ నేలలోంచి రావాలి. కొబ్బరి పీచు ముక్కలు మూడు, నాలుగు అంగుళాల మందాన పరచండి. నీళ్లు నాలుగు మూలల్లో, గోడ వెంట పోయండి. అడుగు తడిగా, పైన పొడిగా ఉండాలి. వేలు రెండు కణుపుల దాకా గుచ్చితే చెమ్మ తగలాలి, పైన అరచేయి ఆనిస్తే తడి అంటకూడదు. ట్యాంక్ పైన జాలీ మూత ఉంటే, దీపం చోటు వదిలి, గాలి ఆడేందుకు కొంత ఉంచి, మిగతాది అల్యూమినియం ఫాయిల్‌తో కప్పేయండి. ఈ ఒక్క పనితోనే మా ఇంట్లో సగం సమస్య తీరింది.

ఆంధ్ర, తెలంగాణల నుంచి చూస్తున్నవాళ్లకు ఒక మాట. ఇది చూసి నాగుపామునో, జెర్రిపోతునో, మన కొండచిలువనో పట్టి పెంచాలనుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

[తెరపై: కిటికీ వెలుగులో పట్టుకున్న నిండు కుబుసం]

ఇది పోయిన నెలది. మేజోడు తిరగేసి విప్పినట్టు తల నుంచి తోక దాకా ఒక్కటిగా వచ్చింది. తల దగ్గర చూడండి, రెండు గుండ్రటి గాజు బిళ్లల్లా ఉన్నాయే, అవి కంటి పొరలు. ప్రతి కుబుసంలోనూ ఆ రెండూ వచ్చాయో లేదో వెతకండి. రాకపోతే గోటితో గీకొద్దు, పట్టకారుతో లాగొద్దు. ట్యాంక్‌లో తేమ పెంచి, తదుపరి కుబుసం దాకా ఆగండి. అప్పటికీ రాకపోతే పాముల వైద్యం తెలిసిన వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి. చిన్నికి మేం అలాగే చేశాం, రెండో కుబుసంతో ఆ పొర వచ్చేసింది.