రోహిణి ఎండ, మృగశిర వాన, సంక్రాంతి మంచు: బండి నడిపేవాళ్ల ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. సాయంత్రం 6 గంటలు. మృగశిర కార్తె వచ్చి నాలుగు రోజులైంది, మధ్యాహ్నం నుంచి హైదరాబాద్ నగరమంతా మబ్బు పట్టి ఉంది. ఎండల్లో, వానల్లో, చలిలో బండి ఎలా నడపాలన్నది ఇవాళ్టి విషయం. 31 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపి, చివరి పదేళ్లు కొత్త డ్రైవర్లకు నేర్పిన మాస్టారు మన స్టూడియోలో ఉన్నారు. మాస్టారూ, మనం కూర్చునేలోపే ఫోన్ మోగింది. హలో, చెప్పండమ్మా.

కాలర్ (మలక్‌పేట): నమస్తే సార్. నేను కోఠిల బట్టల షాపుల పనిచేస్త. రోజూ స్కూటీ మీదనే పోత. మొన్న తొలి వాన పడ్డది గదా, చినుకులే. రైల్వే బ్రిడ్జి కాడ మెల్లగనే బ్రేక్ వేసిన, బండి జర్రున జారింది. మోకాలు దోక్కపోయింది. పోయినేడు అంత పెద్ద వానల గూడ పడలే నేను. చినుకులకెందుకు పడ్డ?

మాస్టారు: ఇప్పుడెట్ల ఉంది తల్లీ మోకాలు?

కాలర్: కట్టు కట్టిన్రు సార్. మెట్లెక్కుతుంటే నొస్తది.

మాస్టారు: జాగ్రత్తమ్మా. నీ నడపడంలో తప్పేం లేదు. ఎండాకాలమంతా రోడ్డు మీద ఇంజన్ ఆయిల్ కారుతది, డీజిల్ కారుతది, టైర్ల పొడి, దుమ్ము అన్నీ పేరుకుంటయి. పెద్ద వాన దాన్ని కడిగేస్తది. చినుకులు కడగవు, తడిపి జిడ్డు చేస్తయి. అందుకే తొలి వానలో మొదటి అరగంట చాలా ప్రమాదం. బండ్లు ఎక్కడ ఎక్కువసేపు ఆగుతయో అక్కడ ఆయిల్ ఎక్కువ కారుతది. అంటే సిగ్నళ్లు, బస్టాపులు. నువ్వు పడ్డ చోట కూడా బండ్లు ఎప్పుడూ ఆగి ఆగి కదులుతుంటయి.

కాలర్: అవును సార్, అక్కడ ఎప్పుడు జామే.

మాస్టారు: చినుకు మొదలైతే పావుగంట ఎక్కడైనా ఆగమ్మా. ఆగేటప్పుడు ఫ్లైఓవర్ కింద మాత్రం రోడ్డు మీద బండి పెట్టొద్దు. వానొస్తే అక్కడ యాభై బండ్లు గుంపుగా నిలబడతయి, వెనకొచ్చే లారీవాడికి అద్దం మీద నీళ్లే తప్ప ఏమీ కనబడదు. ఏదైనా దుకాణం ముందు, రోడ్డు దిగి ఆగు. ఇంక బ్రేకులు: రెండూ కలిపి, మెల్లమెల్లగా, హ్యాండిల్ నిటారుగా ఉన్నప్పుడే. జీబ్రా గీతల మీద, ఇనుప మూతల మీద పట్టొద్దు, తడిస్తే అవి సబ్బుబిళ్లలే. నీళ్లు నిలిచిన చోట ముందు బండి చక్రం పోయిన జాడలోనే పో. నీళ్లు సుడి తిరుగుతున్నట్టు కనబడితే కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉందనుకొని అటు పోనే పోకు. వెనక కూర్చున్నవాళ్లు గొడుగు విప్పొద్దు. గాలికి అది తెరచాపైతది.

కాలర్: మా చెల్లె రోజూ విప్పుతది సార్. ఇయ్యాలే చెప్త.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. తరువాతి కాలర్, ఉప్పల్ నుంచి.

కాలర్ (ఉప్పల్): సార్, క్యాబ్ నడుపుత. పోయిన వానాకాలం రాత్రి పదింటికి నీళ్లల్ల బండి ఆగింది. వెనక ఒకటే హారన్లు. సెల్ఫ్ కొట్టిన, ఒకటికి నాలుగుసార్లు. లోపల టక్కుమన్నది. కనెక్టింగ్ రాడ్ వంగిందన్నడు మెకానిక్. ఇన్సూరెన్సోళ్లు ఇయ్యమన్నరు. రెండు నెలలు బండి షెడ్ల, ఈఎంఐ మాత్రం ఆగలే.

మాస్టారు: నీళ్లు ఎంత లోతున్నయి తమ్ముడూ?

కాలర్: తెల్వది సార్. ముందు బస్సు పోయింది. నేనూ పోయిన.

మాస్టారు: ఆ బస్సు నేను నడిపిన తమ్ముడూ, 31 ఏండ్లు. బస్సుకు గాలి తీసుకునే గొట్టం ఎత్తున ఉంటది. నీ కారుకు బానెట్ ముందట, కిందికే ఉంటది. పైగా బస్సు పోయినప్పుడు అల లేస్తది, ఆ అల వచ్చి నీ బానెట్‌నే కొడుతది. మోకాలి కిందున్న నీళ్లు ఒక్క క్షణం నడుము దాకా వస్తయి. అప్పుడే ఇంజన్ నీళ్లు మింగుతది. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్లను నొక్కలేదు. నువ్వు సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ పిస్టన్ పోయి నీళ్లకు గుద్దుకున్నది. వంగేది ఆ రాడే.

కాలర్: మరి ఏం జేయాలుండె సార్?

మాస్టారు: ఆగిందంటే తాళం తీసేయాలె. మళ్లీ కొట్టొద్దు. దిగి, నలుగురిని పిలిచి తోయించుకోవాలె. హారన్ కొట్టేవాళ్లు కొట్టనీ, నీ బాకీ వాళ్లు కట్టరు. ఇన్సూరెన్స్ సంగతి కూడా చెప్తా. మామూలు పాలసీలో నీళ్లతో ఇంజన్ చెడితే సాధారణంగా ఇయ్యరు. ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోవాలె. రెన్యువల్ ఈ నెలలోనే ఉంటే అడుగు.

వ్యాఖ్యాత: లోతు తెలుసుకోవడం ఎలా మాస్టారూ?

మాస్టారు: ఫుట్‌పాత్ అంచు రాయి చూడాలె. అది కనబడితే మొదటి గేర్లో, ఆపకుండా, ఒకే తీరుగా మెల్లగా పోవచ్చు. మునిగిపోతే వెనక్కి తిప్పాలె. అడుగు లోతు నీళ్లు చాలా కార్లను తేలుస్తయి. రెండడుగులు పారుతుంటే పెద్ద జీపుల్ని కూడా జరిపేస్తయి. ఒక సంగతి చెప్పాలె. సర్వీసులో కొత్తల, నల్లగొండ దిక్కు ఒక వాగు మీద కల్వర్టు దాటించిన. పైనుంచి నీళ్లు పోతున్నయి, రోజూ పోయే దారే గదా అనుకున్న. నడిమిట్లకు రాగానే బస్సు వెనక భాగం పక్కకు జరిగింది. వెనక 40 మంది ఉన్నరు, ఒక్కరు నోరు తెరవలే. దాటినం. కానీ రోజూ పోయే దారి ఆ నీళ్ల కింద ఉందో, కొట్టుకుపోయిందో నాకు అప్పుడు తెల్వనే తెల్వదు. ఆ రాత్రి అన్నం పోలేదు. హిమాయత్‌సాగర్ చెరువు గేట్లు ఎత్తినప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీస్ రోడ్డు మీద నీళ్లు పారుతయి, పోలీసులు బారికేడ్ పెడతరు. పక్క సందులోంచి దూరి పోయేవాళ్లను చూస్తే నాకు ఆ కల్వర్టే యాదికొస్తది.

వ్యాఖ్యాత: (కాసేపాగి) ఔటర్ అన్నారు కాబట్టి అడుగుతాను. అక్కడ 120 దాకా వెళ్లొచ్చు కదా, వానలో?

మాస్టారు: 120 అన్నది ఎండిన రోడ్డుకు. టైరు గాడులు నీళ్లను పక్కకు తోస్తేనే రబ్బరు రోడ్డును పట్టుకుంటది. 80 దాటితే, గాడులు అరిగితే, టైరు నీళ్ల మీద తేలుతది. స్టీరింగ్ ఒక్కసారి తేలికైతది, గుర్తు అదే. బ్రేక్ తొక్కొద్దు, స్టీరింగ్ తిప్పొద్దు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలె. చట్టప్రకారం గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలె. గాడి అడుగున చిన్న దిమ్మెలుంటయి, రబ్బరు వాటితో సమానమైతే టైరు మార్చాల్సిందే. నాలుగు ఇండికేటర్లు వేసుకొని నడపడం కూడా మానాలె. నువ్వెటు తిరుగుతున్నవో వెనకవాడికి తెల్వదు. హెడ్‌లైట్ వేస్తే చాలు.

వ్యాఖ్యాత: తార్నాక నుంచి ఒక పెద్దాయన.

కాలర్ (తార్నాక): నమస్కారమండీ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మా అబ్బాయి కారు టైరు పగిలింది. ఎండలకని గాలి తక్కువ కొట్టించాడు. నైట్రోజన్ కొట్టిస్తే సరిపోయేదా?

మాస్టారు: అందరూ చేసే పొరపాటే అన్నగారూ. గాలి తక్కువైతే టైరు పక్కగోడ నలిగి నలిగి వేడెక్కుతది, పగులుతది. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీదున్న అంకె చూసి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు అంతే కొట్టించాలె. నైట్రోజన్‌తో పెద్ద తేడా రాదు. టైరు వయసు చూడండి. పక్కగోడ మీద నాలుగంకెలుంటయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ఇంకోటి, ఇంట్లో మనవలున్నరా?

కాలర్: ఇద్దరండీ.

మాస్టారు: రెండు నిమిషాలకని కూడా పిల్లల్ని మూసిన కారులో వదలొద్దని అబ్బాయికి చెప్పండి. పది నిమిషాల్లో లోపల పది డిగ్రీలు పెరుగుతది.

వ్యాఖ్యాత: కూకట్‌పల్లి నుంచి. హలో?

కాలర్ (కూకట్‌పల్లి): సర్, సంక్రాంతికి ఖమ్మం వెళ్తుంటాం. టోల్ దగ్గర రద్దీ తప్పించుకుందామని తెల్లవారుజామున మూడింటికి బయల్దేరతాం. చౌటుప్పల్ దాటాక మంచు. హైబీమ్ వేస్తే తెల్లగోడ లాగుంటుంది.

మాస్టారు: హైబీమ్ వెలుగు మంచుకు తగిలి నీ కళ్లకే తిరిగొస్తది బాబూ. లోబీమ్, ఫాగ్ లైట్లు వేయి. ఎడమ గీత పట్టుకొని పో. కానీ అసలు ప్రమాదం రోడ్డు పక్కన లైటు లేకుండా ఆగిన లారీ. 60లో పోతే సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతవు. 30 మీటర్లే కనబడుతుంటే లారీ కనబడ్డాక నీకున్నది రెండు సెకన్లు కూడా కాదు. అద్దం లోపల మసకేస్తే ఏసీ వేసి గాలి అద్దం మీదికి తిప్పు. మూడింటికి కాకుండా, నిద్రపోయి ఏడింటికి బయల్దేరితే ఏమైతది?

కాలర్: అమ్మ ఎదురుచూస్తుంటుంది సర్.

మాస్టారు: అమ్మనే అడుగు, ఎప్పుడు రమ్మంటదో.

వ్యాఖ్యాత: చివరి ఫోన్. హలో?

కాలర్ (ఉప్పుగూడ): సార్, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారుంది. 2020 అక్టోబరులో మొత్తం మునిగింది. ఇప్పుడు ఇక్కడ వాన మొదలైంది.

మాస్టారు: నీళ్లు లోపలికి దిగుతున్నయా?

కాలర్: ఇంకా లేదు సార్.

మాస్టారు: అయితే ఇప్పుడే తీసి ఎత్తున్న రోడ్డు మీద పెట్టు. నీళ్లు దిగడం మొదలైందంటే మాత్రం బండి వదిలెయ్యి. మీటర్ల బోర్డు సెల్లార్‌లోనే ఉంటది, కరెంటు నీళ్లలోకి వస్తది. వాచ్‌మెన్ కుటుంబం కిందనే ఉంటదా?

కాలర్: అవును సార్, ఇద్దరు చిన్నపిల్లలు.

మాస్టారు: ముందు వాళ్లను పైకి రమ్మను. తర్వాత కారు.

కాలర్: తాళాలు చేతిలోనే ఉన్నయి సార్. దిగుతున్న.

వ్యాఖ్యాత: ఫోన్ పెట్టేయండి. వెళ్లండి.