ఎంఆర్‌ఐ చిత్రంలో తెలుపు అంటే ఏమిటి?

సభకు నమస్కారం.

మెదడు ఎంఆర్‌ఐ ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూసేటప్పుడు దాన్ని ఫోటో అనుకోవడం సహజం. ఆ పొరపాటు తొలగితే పారిభాషిక పదాలు చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

మెదడులో నీరు ఎక్కువ. నీటిలోని హైడ్రోజన్ కేంద్రకం, అంటే ప్రోటాన్, బుల్లి అయస్కాంతం వంటిది. ఆసుపత్రులలో సాధారణంగా వాడే 1.5 లేదా 3 టెస్లాల (అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం) అయస్కాంత క్షేత్రంలోకి వెళ్లగానే, అంతవరకు తలో దిక్కున ఉన్న ప్రోటాన్లలో అతి స్వల్పమైన మొగ్గు ఆ క్షేత్రం వైపు ఏర్పడుతుంది. పైగా అవి బొంగరంలా ఊగుతూ తిరుగుతాయి. 1.5 టెస్లాల వద్ద ఆ వేగం సెకనుకు సుమారు 6.4 కోట్ల సార్లు. ఊయలను దాని లయకు కలిసేలా తోస్తేనే పైకి లేచినట్టు, సరిగ్గా అదే పౌనఃపున్యం గల రేడియో తరంగం పంపితేనే ప్రోటాన్లు పక్కకు ఒరుగుతాయి. అనునాదం అంటే ఇదే.

తరంగం ఆపగానే అవి యథాస్థితికి వస్తాయి. అలా వస్తూ అవి వెలువరించే రేడియో తరంగమే యంత్రం అందుకునే సంకేతం. అది బలంగా ఉన్నచోట చిత్రం తెల్లగా, బలహీనంగా ఉన్నచోట నల్లగా కనబడుతుంది. క్షేత్రం దిశలో అయస్కాంతత్వం తిరిగి కూడుకోవడానికి పట్టే కాలానికి టీ1 అనీ, ఒకే అడుగుతో నడుస్తున్న ప్రోటాన్లు లయ తప్పి సంకేతం సన్నగిల్లే కాలానికి టీ2 అనీ పేర్లు. పేర్లు పొడిగా ఉన్నాయి కానీ చిత్రం ప్రాణమంతా వీటిలోనే ఉంది. మెదడు జఠరికలలోని, అంటే మెదడు లోపలి గదులలోని ద్రవాన్నే చూడండి. దాని టీ1, టీ2 రెండూ దీర్ఘమైనవి కావడం వల్ల, టీ1 భేదాలు కనబడేలా తీసిన చిత్రంలో నల్లగా ఉన్న ఆ ద్రవమే టీ2 చిత్రంలో తెల్లగా మెరుస్తుంది. ద్రవం మారలేదు, మనం అడిగిన ప్రశ్న మారింది. ఆ మెరుపు పక్కనున్న మచ్చను మింగేయకుండా ద్రవ సంకేతాన్ని అణచివేసి తీసే చిత్రమే ఫ్లెయిర్.

సంకేతం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే క్షేత్రాన్ని చోటుచోటుకూ కాస్త మార్చాలి. ఈ ఉపాయంతో 1973లో పాల్ లాటర్‌బర్ తొలి చిత్రాలు ప్రచురించాడు. 2003లో పీటర్ మాన్స్‌ఫీల్డ్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. యంత్రంలో వినబడే ఢబఢబ చప్పుడు క్షేత్రాన్ని ఇలా మార్చే గ్రేడియంట్ తీగచుట్టలదే. చిత్రంలోని అతి చిన్న ఘనాన్ని వాక్సెల్ అంటారు.

ఇక మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే ఫంక్షనల్ ఎంఆర్‌ఐ. పత్రికలలో ఎర్రగా వెలిగే మెదడు బొమ్మలు దీనివే. ఆక్సిజన్ వదిలిన హిమోగ్లోబిన్ చుట్టుపక్కల క్షేత్రాన్ని చెదరగొడుతుంది. పనిచేస్తున్న భాగానికి అవసరానికి మించి ఆక్సిజన్‌తో రక్తం రావడంతో ఆ చెదురు తగ్గి సంకేతం కొద్దిగా పెరుగుతుంది. దీన్ని 1990లో సెయిజీ ఒగావా బృందం చూపింది. పేరు బోల్డ్, అంటే రక్తంలోని ఆక్సిజన్ స్థాయిని బట్టి మారే సంకేతం. అది కొలిచేది ఆలోచనను కాదు, 5, 6 సెకన్లు ఆలస్యంగా శిఖరానికి చేరే రక్తపు స్పందనను. ఆ ఎరుపు కూడా గణాంక పరీక్ష దాటిన వాక్సెళ్లకు మనం వేసిన రంగే.

వేలాది వాక్సెళ్లను విడివిడిగా పరీక్షిస్తే కొన్ని కేవలం యాదృచ్ఛికంగా పరీక్ష దాటుతాయి. 2009లో కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను యంత్రంలో ఉంచి, మనుషుల ఫోటోలు చూపి, వారి భావాలేమిటో చెప్పమని అడిగారు. చేప మెదడులో చుక్కలు వెలిగాయి. పరీక్షల సంఖ్యకు తగిన సవరణ చేయగానే ఆరిపోయాయి.