ఒకే రంగు పొడి, రెండు కుండీలు: రంగు కాంక్రీటులో అసలు కిటుకులు

[దృశ్యం: బల్ల మీద పక్కపక్కన రెండు పసుపు కుండీలు]

నమస్తే అండీ. ఈ రెండు కుండీల్లోనూ ఒకే డబ్బాలోని పసుపు ఆక్సైడ్ పడింది, అదీ ఒకే తూకంలో. ఒకటి ముగ్గిన మామిడిపండులా ఉంది. రెండోది ఎండిన పేడలా ఉంది, చెప్పడానికి మొహమాటమెందుకు! ఆ రెండోది మామూలు సిమెంటుతో పోసింది.

సిమెంటుకి బూడిదరంగు తెచ్చేది ముఖ్యంగా అందులోని ఇనుము. అది బాగా తక్కువున్న సున్నపురాయి, మట్టి ఏరి కాలిస్తే వైట్ సిమెంట్ వస్తుంది. మనవాళ్ళకి అదంటే టైల్స్ సందుల్లో పూసే పొడి అనే లెక్క. నిజానికి అదీ పోర్ట్‌లాండ్ సిమెంటే, కుండీకి కావలసిన బలం దానికి బాగానే ఉంది. కొట్లో మాత్రం బస్తా మీద ఏం రాసుందో చదివి తెచ్చుకోండి. వాల్ పుట్టీ అంటగడతారు ఒక్కోసారి. పుట్టీ గోడ మీద పల్చటి పూతకే, పోతపోయడానికి పనికిరాదు.

అలాగని అన్నిటికీ వైట్ సిమెంట్ అక్కర్లేదు. అమ్మమ్మగారి ఇంట్లో నున్నటి ఎర్రగచ్చు గుర్తుందా? అలాంటివి మామూలు సిమెంటులో రెడ్ ఆక్సైడ్ కలిపి, తాపీతో రుద్ది రుద్ది మెరుగు పెట్టినవే. ముదురు ఎరుపు, కాఫీరంగు, నలుపు అయితే డబ్బు మిగుల్చుకోండి. పసుపు, ఆకుపచ్చ, లేత గులాబీ కావాలంటే వైట్ సిమెంటే.

[దృశ్యం: వంటింటి డిజిటల్ కాటా మీద చిన్న గిన్నె, అందులో రంగు పొడి]

రంగు ఎంత? కిలో సిమెంటుకి 30 గ్రాములతో మొదలుపెట్టండి. 50, 60 దాటాక ఎంత పోసినా పెద్దగా ముదరదు. 100 దాటితే రంగు సంగతి అలా ఉంచి కుండీ బలమే పోతుంది. ఇనుప ఆక్సైడ్లు, ఆకుపచ్చకి క్రోమియం ఆక్సైడ్, ఇవి ఎండకీ సిమెంటులోని క్షారానికీ తట్టుకుంటాయి. బట్టల అద్దకం రంగులు, హోలీ రంగులు తట్టుకోవు. బట్టలకి పెట్టే నీలిమందూ అంతే, మొదట్లో మురిపించి తర్వాత వెలిసిపోతుంది. నిలిచే నీలం కోబాల్ట్ నీలమే, కానీ దాని ధర వింటే నీలం మీద మోజు తీరిపోతుంది.

ఇప్పుడు అసలు దొంగ సంగతి. నీళ్ళు! రంగు పొడి మెత్తగా ఉండి నీళ్ళు తాగేస్తుంది, మాలు బిగుసుకుంటుంది, మనం ఇంకో గ్లాసు పోస్తాం. ఆ అదనపు నీళ్ళు ఆవిరయ్యాక సన్నటి రంధ్రాలు మిగిలి రంగు పాలిపోతుంది. నా మొదటి పన్నెండు కుండీలూ కంటికొలతతో నీళ్ళు పోసి చేశాను. పన్నెండూ పన్నెండు రకాల ఎరుపు! వాటిని ఒకే మెట్ల మీద పెట్టడానికి సిగ్గేసింది.

అందుకే ప్లాస్టిసైజర్, అంటే నీళ్ళు పెంచకుండా మాలుని జారుగా చేసే మందు. అందులో పీసీఈ (పాలీకార్బాక్సిలేట్ ఈథర్) రకం అడగండి, తక్కువ నీళ్ళతోనే మాలు జారుగా వస్తుంది. ఎస్‌ఎన్‌ఎఫ్ (నాఫ్తలీన్‌తో చేసేది) రకం చౌకే కానీ ముదురు గోధుమరంగులో ఉంటుంది, లేత రంగుల్ని మాపేస్తుంది. డబ్బా మీద రాసిన మోతాదు దాటకండి. దాటితే నీళ్ళు పైకి తేలి, ఇసుక అడుగున కూర్చుంటుంది.

[దృశ్యం: ఎర్ర కుండీ అంచున తెల్లటి పొర, క్లోజప్‌లో]

ఈ తెల్ల పొర చూశారా? సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే సున్నం తడితోపాటు పైకొచ్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఇలా పేరుకుంటుంది. దీనికి మెటాకయోలిన్ మంచి మందు. కాల్చిన కయోలిన్ మట్టి అది, ఆ సున్నంలో చాలాభాగాన్ని లోపలే పట్టి వాడేసుకుంటుంది, రంగూ తెలుపుకి దగ్గర. ఇదే పనికి కలిపే మామూలు సిలికా ఫ్యూమ్, ఫ్లై యాష్ పొడులు బూడిదరంగువి, లేత రంగుల్లో వద్దు. సల్ఫో అల్యూమినేట్ అనే వేరే రకం సిమెంటులో ఈ తెల్ల పొర బెడద తక్కువే కానీ త్వరగా గట్టిపడిపోతుంది, మన ఎండల్లో చేతులు తిరిగేలోపే.

[దృశ్యం: బేసిన్‌లో కలపడం]

నా పాళ్ళు ఇవీ: వైట్ సిమెంట్ 900 గ్రాములు, మెటాకయోలిన్ 100, జల్లించిన తెల్ల ఇసుక 2 కిలోలు, రంగు 30 గ్రాములు, నీళ్ళు 380 మిల్లీలీటర్లు, పీసీఈ 6. ముందు పొడి ఇసుకలో రంగు వేసి నలపండి, ఇసుక గింజలే ఉండల్ని చితక్కొడతాయి. తర్వాత సిమెంటు, మెటాకయోలిన్. పీసీఈని నీళ్ళలో కలిపి ఆఖర్న పోయండి.

కుండీ పోసేముందు చిన్న నమూనా తీయండి. నేను చిల్లుల్లేని పాత స్టీలు ఇడ్లీ రేకులకి నూనె రాసి వాడతాను. అల్యూమినియం రేకు వద్దు, తడి సిమెంటు దాన్ని తినేసి బుడగలు తెప్పిస్తుంది. ఇంట్లోవాళ్ళు మళ్ళీ ఇడ్లీలకి అడగరనుకోండి, అది వేరే సంగతి.

ఒకరోజు ఆగి ఊడదీయండి. మీద పాలిథిన్ కప్పితే పోతపోసినదాని ఒంటికి తగలకుండా కర్రలు అడ్డం పెట్టి కప్పండి, తగిలినచోటల్లా మచ్చ పడుతుంది. తడి మీద రంగు ముదురుగానే కనిపిస్తుంది, దాన్ని నమ్మకండి. వారం నీడలో ఆరాక తీర్పు చెప్పండి.

[దృశ్యం: వెనక్కి తిప్పిన ఐదు సిమెంటు ‘ఇడ్లీలు’. ఒక్కోదాని మీద మార్కర్‌తో తేదీ, రంగు గ్రాములు, నీళ్ళ కొలత]