అడుగు ఎంత వేయాలి?

అందరికీ నమస్కారం.

సూత్రంతో తేలని సమీకరణాలకు అంకెలతో దాదాపు జవాబు రాబట్టే సంఖ్యాత్మక పద్ధతుల పుస్తకం ఏది తెరిచినా హెచ్ అనే అక్షరం పేజీ పేజీకీ కనిపిస్తుంది. లెక్కలో ఒక్కో అడుగు ఎంత దూరం వేయాలో చెప్పే అక్షరం అది. నేను దాన్ని అడుగు అనే అంటాను. అడుగు చిన్నదైతే జవాబు మెరుగవుతుంది, పెద్దదైతే తప్పు పెరుగుతుంది అని మనకు మొదటి పాఠంలోనే చెబుతారు. అది నిజమే, కానీ సగం నిజం. మిగతా సగం తెలియక, చదువుకునే రోజుల్లో నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను. ఈ రోజు మీ ముందు పెట్టాలనుకున్నది ఆ మిగతా సగమే.

అవకలన సమీకరణం ఒక రాశి ఎంత ఉందో చెప్పదు. ప్రస్తుతం ఇంత ఉంటే, ఇంత వేగంగా మారుతుంది అని మాత్రమే చెబుతుంది. అక్కడి నుంచి రేపటి విలువను మనం రాబట్టుకోవాలి. సూత్రం రాసి తేల్చేయగల సమీకరణాలు చాలా కొద్ది. ఎన్నో గ్రహాల ఆకర్షణకు లోనవుతూ తిరిగే తోకచుక్కకు అలాంటి సూత్రం లేదు. అయినా మనుషులు ఆగలేదు. 1757లో క్లెరో, లాలాండ్, నికోల్-రేన్ లెపోత్ అనే ముగ్గురు ఫ్రెంచి గణితజ్ఞులు నెలల తరబడి కూర్చుని, గురు, శని గ్రహాలు హేలీ తోకచుక్కను ఎంత పక్కకు లాగుతాయో అంచెలంచెలుగా చేత్తో లెక్కకట్టారు. 1759 ఏప్రిల్ మధ్యలో అది సూర్యుడికి అతి దగ్గరగా వస్తుందన్నారు. మార్చి 13న వచ్చింది. డెబ్బై ఆరేళ్ల ప్రయాణంలో నెల రోజుల తేడా! యురేనస్, నెప్ట్యూన్ ఉన్నాయని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ ముగ్గురి ఓపిక తలచుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

ఇలాంటి లెక్కకు అన్నిటికంటే తేలికైన రూపం గణితజ్ఞుడు ఆయిలర్ 1768లో అచ్చయిన తన గ్రంథంలో ఇచ్చాడు. ఉన్నచోట వాలు, అంటే రాశి మారే వేగం, చూడు, ఆ వాలు వెంటే ఒక అడుగు వెయ్యి, కొత్త చోట మళ్ళీ వాలు చూడు. అంతే.

ఒకసారి చేసి చూద్దాం. ఒక రాశి ఎంత ఉంటే అంత వేగంతో పెరుగుతోంది. 1తో మొదలైంది. ఒక సెకను తర్వాత ఎంత? అసలు జవాబు 2.71828. ఆయిలర్ పద్ధతిలో ఒక్క అడుగులో వెళితే 2 వస్తుంది. నాలుగు అడుగుల్లో 2.4414. పది అడుగుల్లో 2.5937. వందలో 2.7048, వెయ్యిలో 2.7169. అడుగును పదో వంతు చేస్తే తప్పు కూడా దాదాపు పదో వంతే అవుతోంది. జవాబులో ఇంకొక్క అంకె కుదురుకోవాలంటే పది రెట్లు శ్రమపడాలి. ఇది ఖరీదైన బేరం.

1895లో రుంగె, 1901లో కుట్టా అనే గణితజ్ఞులు ఈ బేరాన్ని మార్చారు. అడుగు మొదట్లో ఒకసారి, మధ్యలో రెండుసార్లు, చివర ఒకసారి వాలు చూసి, నాలుగింటినీ తగిన పాళ్లలో కలుపుతాం. అదే లెక్క ఒకే ఒక్క అడుగులో చేస్తే 2.7083 వస్తుంది. ఆయిలర్ నాలుగు అడుగులకు కూడా నాలుగు వాలులే చూశాడు, ఆయనకు వచ్చింది 2.4414. శ్రమ సమానం, ఫలితంలో ఎంత తేడా ఉందో చూడండి. పది అడుగులు వేస్తే రుంగె-కుట్టా తప్పు 0.000002 దగ్గరికి దిగిపోతుంది. ఈ పట్టిక మొదటిసారి నా చేత్తో నేను వేసుకున్న రోజు ఇంకా గుర్తుంది. గణితం మీద ఇష్టం నాకు ఆ రోజే కుదిరిందేమో.

ఇప్పుడు ఆ రెండు వారాల సంగతికి వస్తాను. కొన్ని రసాయన చర్యలు కలిసి జరిగే ఒక వ్యవస్థకు ప్రోగ్రాం రాశాను. వాటిలో ఒక చర్య కన్ను మూసి తెరిచేలోపు ముగిసిపోతుంది, ఇంకొకటి గంటల తరబడి నడుస్తుంది. నడిపిస్తే గాఢతలు ఒకసారి ధనాత్మకం, ఒకసారి రుణాత్మకం అవుతూ లక్షల్లోకి వెళ్లిపోయాయి. ప్రోగ్రాంలో పొరపాటు ఉందనుకుని ప్రతి పంక్తీ వెతికాను. పొరపాటు లేదు. నేను రాసింది రాసినట్టే నడుస్తోంది. తప్పు అడుగులో ఉంది.

దాన్ని చిన్నది చేసి చూపిస్తాను. ఒక రాశి తన విలువకు యాభై రెట్ల వేగంతో తగ్గిపోతోంది. 1తో మొదలవుతుంది. ఒక సెకనులో అది సున్నా అనే అనుకోవచ్చు. అడుగు 0.05 తీసుకుని ఆయిలర్ పద్ధతి వాడదాం. ప్రతి అడుగులో పాత విలువను 1 మైనస్ 2.5తో, అంటే మైనస్ 1.5తో గుణిస్తున్నాం. 1, ఆ తర్వాత మైనస్ 1.5, 2.25, మైనస్ 3.375, 5.06. ఇరవై అడుగులు వేసి ఒక సెకనుకు చేరేసరికి మూడు వేల మూడు వందలు దాటుతుంది. సున్నా కావలసిన చోట మూడు వేలు! అడుగు 0.04 కంటే తక్కువ ఉంటే తప్ప ఈ లెక్క అదుపులోకి రాదు. రుంగె-కుట్టా వాడినా ఆ హద్దు 0.055 దాకా జరుగుతుంది, అంతకు మించి ఊరట లేదు.

ఇందులో మనసుకు పట్టించుకోవలసింది ఒకటుంది. ఆ వేగంగా తగ్గే భాగం మొదటి పదో వంతు సెకనులోనే దాదాపు మాయమైపోతుంది. ఆ తర్వాత వ్యవస్థలో దాని ఊసే ఉండదు. అయినా గంటల కాలాన్ని లెక్కకట్టేటప్పుడు కూడా, చచ్చిపోయిన ఆ భాగమే మన అడుగును శాసిస్తుంది. ఇలాంటి సమీకరణాలను స్టిఫ్ సమీకరణాలు అంటారు. 1952లో కర్టిస్, హిర్ష్‌ఫెల్డర్ రసాయన చర్యల సమీకరణాల్లోనే వీటిని గుర్తించి ఆ పేరుతో పిలిచారు.

మందు కూడా ఉంది. అడుగు మొదట్లో వాలు కాకుండా, అడుగు చివర ఉండబోయే వాలు వాడాలి. ఆ చివరి విలువ ఇంకా తెలియదు కాబట్టి ప్రతి అడుగులోనూ ఒక సమీకరణాన్ని సాధించి దాన్ని పట్టుకోవాలి. దీన్నే ఇంప్లిసిట్ పద్ధతి అంటాం. పై లెక్కలో అదే 0.05 అడుగుతో చేస్తే ప్రతిసారీ 3.5తో భాగించాలి. 1, 0.2857, 0.0816, 0.0233. మొదటి అడుగు దగ్గర అసలు విలువ 0.082, మనకు వచ్చింది 0.2857, కాబట్టి అంకెలు గొప్పగా ఏమీ లేవు. కానీ తగ్గవలసింది తగ్గుతోంది. అడుగు ఎంత పెంచినా తగ్గుతూనే ఉంటుంది. ఖచ్చితత్వం వేరు, స్థిరత్వం వేరు అని నేను తెలుసుకున్నది ఇక్కడే. 1963లో డాల్‌క్విస్ట్ ఇంకో చేదు నిజం నిరూపించాడు: వెనకటి కొన్ని అడుగుల విలువలను కలిపి వాడే బహుళ అడుగుల రేఖీయ పద్ధతుల్లో ఈ పూర్తి స్థిరత్వం కావాలంటే ఖచ్చితత్వపు క్రమం రెండు దాటకూడదు, అంటే అడుగును సగం చేస్తే తప్పు నాలుగో వంతుకు మించి తగ్గదు. ఆ పద్ధతుల్లో రెండూ నిండుగా కావాలంటే కుదరదు.

స్థలం, కాలం రెండూ ఉన్న సమీకరణాల్లో ఇది ఇంకా పదునుగా కనిపిస్తుంది. 1922లో రిచర్డ్‌సన్ వాతావరణాన్ని లెక్కకట్టి చెప్పవచ్చని ఒక గ్రంథం ప్రచురించాడు. 1910 మే 20 నాటి వాతావరణాన్ని చేత్తో లెక్కిస్తే ఆరు గంటల్లో వాయుపీడనం 145 మిల్లీబార్లు మారుతుందని తేలింది. నిజానికి ఆ రోజు పీడనం దాదాపు కదలలేదు. ఆ తప్పుకు కారణం ఆయన తీసుకున్న తొలి కొలతల్లో గాలికీ పీడనానికీ పొంతన కుదరకపోవడం. కానీ లెక్క అలాగే ముందుకు సాగించి ఉంటే ఇంకో గోతిలో పడేవాడు. లెక్క కోసం ఆయన పటాన్ని విడగొట్టిన గళ్లు దాదాపు 200 కిలోమీటర్ల వెడల్పు, కాలంలో అడుగు మూడు గంటలు. గాలిలో వేగంగా పోయే తరంగాలు సెకనుకు 300 మీటర్ల చొప్పున పరుగెడతాయి. అంటే పదకొండు నిమిషాల్లో ఒక గడి దాటేస్తాయి. తరంగం గడి దాటేలోపే మనం అడుగు వేయాలన్న నియమం కూరంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ 1928లో చెప్పారు. రిచర్డ్‌సన్ పుస్తకం వచ్చిన ఆరేళ్లకు. 1950లో తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో ఒకటైన ఎనియాక్ యంత్రం మీద చార్నీ, ఫ్యోర్‌టాఫ్ట్, ఫాన్ నాయ్‌మన్ ఆ వేగపు తరంగాలకు చోటే లేని తేలిక సమీకరణాన్ని ఎంచుకుని, ఒక రోజు ముందుచూపు రాబట్టారు. దానికి దాదాపు ఒక రోజే పట్టింది.

ఇక డోలనం. స్ప్రింగు గట్టిదనం, బరువు రెండూ 1 అనుకుని, స్ప్రింగుకు కట్టిన బరువును ఆయిలర్ పద్ధతిలో 0.1 అడుగుతో నడిపితే ప్రతి అడుగులో శక్తి 1 శాతం పెరుగుతుంది. వంద అడుగులకు 2.7 రెట్లు. ఏ బయటి బలమూ లేకుండా ఊపు పెరిగిపోతూ ఉంటుంది. అయితే స్థానం లెక్కించే పంక్తిలో పాత వేగం బదులు ఇప్పుడే లెక్కించిన కొత్త వేగం వాడండి. మార్పు అదొక్కటే. శక్తి చిన్న హద్దుల మధ్య ఊగుతుంది తప్ప పెరగదు. అణువుల కదలికనూ గ్రహాల దారులనూ చాలాకాలం పాటు లెక్కించేవాళ్లు ఈ జాతి పద్ధతులనే నమ్ముకుంటారు.

మరి అడుగు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? జవాబు చేతికి రాగానే అడుగును సగం చేసి మళ్ళీ నడపండి. ఆయిలర్ అయితే తప్పు సగం కావాలి, రుంగె-కుట్టా అయితే పదహారో వంతు కావాలి. కాలేదంటే ఎక్కడో ఏదో తేడా ఉంది. ఆ వేగంగా తగ్గే లెక్కకే ఇది చేసి చూడండి. 0.05తో మూడు వేల మూడు వందల పైచిలుకు వచ్చిందా? 0.025తో నడపండి. ఇప్పుడు ప్రతి అడుగులో గుణించేది మైనస్ 0.25తో. సెకను పూర్తయ్యేసరికి దశాంశ బిందువు తర్వాత ఇరవైకి పైగా సున్నాలు. రెండు జవాబులకూ పొంతనే లేదు. ఇంకోసారి నడపడానికి ఒక నిమిషం పట్టదు. నా రెండు వారాలు అందులోనే మిగిలేవి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.